కుళాయిలు కట్టేసిన ఉదయం

"ఆ కుళాయి కాసేపు కట్టేస్తారా?"

కళ్ళజోళ్ళ షాపు అబ్బాయి తలెత్తి చూశాడు. ఉదయం ఐదుంపావు. వీధిలోకి నీళ్ళొచ్చి మూడు నిమిషాలైంది. ఇంకో ముప్ఫై ఏడు నిమిషాల్లో పోతాయి. మళ్ళీ రేపు ఈ వేళకే. అతని ముందు నాలుగు బకెట్లు, రెండు బిందెలు, ఒక నీలం డ్రమ్ము వరసగా ఉన్నాయి. పైన ఇంట్లో పన్నెండు రోజుల పసిపాప ఉంది. అలాంటి మనిషిని పట్టుకుని కుళాయి కట్టెయ్యమంటోంది, ఎవరో ముక్కూ మొహం తెలియని అమ్మాయి.

"ఎందుకండీ?"

"చప్పుడవుతోంది."

"నీళ్ళు పడితే చప్పుడే అవుతుందండీ. పాట రాదు."

ఆ అమ్మాయి నవ్వలేదు. "నేను వేరే చప్పుడు వినాలి. మీ కుళాయి దాన్ని మింగేస్తోంది."

ఆమె ఖాకీ చొక్కా వేసుకుంది. మెడలో నీటి సరఫరా ఆఫీసు కార్డు. చేతిలో భుజం ఎత్తు ఇనప కడ్డీ, దాని పై కొసకి అరచేతంత చెక్క బిళ్ళ.

"భూమిలో పైపు ఎక్కడ కారుతోందో విని చెప్పడం నా పని" అంది.

"విని?"

"విని."

"అంటే మీరు చెవి పెడితే పైపు చెప్పేస్తుందా, ఇదిగో అమ్మా ఇక్కడ కారుతున్నాను అని?"

"చెప్తుంది. పక్కన ఎవరూ మాట్లాడకపోతే."

అతను జవాబు వెతుక్కునేలోపు మొదటి అంతస్తు వరండాలోంచి నాయనమ్మ గొంతు వినిపించింది. "ఒరేయ్, బకెట్టు పొర్లుతోంది."

గ్లాసుడు నీళ్ళు నేలపాలయ్యాయి. బకెట్లతో నిలబడ్డ వాళ్ళందరూ తిరిగి అతని వంకే చూశారు. ఆ వేసవిలో ఆ చూపు పడినవాడు రెండు రోజులు తల దించుకుని నడవాలి.

"కట్టనండీ" అన్నాడు, చెవులు ఎర్రబడి. "రోజంతటికీ నలభై నిమిషాలు. అందులో మీకు వాటా ఇవ్వలేను."

ఆమె కడ్డీ భుజాన వేసుకుని పక్కింటికి వెళ్ళింది. అక్కడా అదే అడిగింది. అక్కడా అదే జవాబు వచ్చింది.

ఐదు నెలలుగా చినుకు లేదు. మధ్యాహ్నం పూట గోడ మీద చెయ్యి వేస్తే చురుక్కుమనేది. ఇంట్లో నీళ్ళ పెత్తనం నాయనమ్మది. పాపకి స్నానం చేయించిన నీళ్ళు కింద గిన్నెలో పట్టి, వాటితో బట్టలు తడిపి, ఆ బట్టలు పిండిన నీళ్ళతో గచ్చు తుడిచి, చివరికి ఆ నల్లటి నీళ్ళు బాత్‌రూములో పొయ్యాలి. బియ్యం కడిగిన నీళ్ళు గిన్నెలు తోమడానికి. మగవాళ్ళకి స్నానానికి మనిషికి మూడు చెంబులు. నాలుగో చెంబు ముంచిన చప్పుడైతే బయటినుంచి తలుపు మీద ఒక్క దెబ్బ పడేది.

"మా ఆయన్ని కూడా ఇంత కాపలా కాయలేదు" అనేది నాయనమ్మ, డ్రమ్ము మీద మూత బిగిస్తూ.

బాలింత అయిన వదినకి మాత్రం ఎన్ని నీళ్ళు అడిగితే అన్ని. ఆ నియమం నాయనమ్మే పెట్టింది. కానీ వదిన అడిగేది కాదు. అన్నయ్య ఆసుపత్రిలో నర్సు. అక్కడ డ్యూటీ అయ్యాక రెండు సీసాలు నింపుకుని తెచ్చేవాడు.

ఇంటి కింద భాగంలోనే అతని కళ్ళజోళ్ళ షాపు. లెన్సుని ఫ్రేముకి తగ్గట్టు అరగదీసే యంత్రం నీళ్ళు లేనిదే తిరగదు. అవే నీళ్ళు గుడ్డలో వడకట్టి నాలుగేసి రోజులు వాడుతున్నాడు. పాలలా తెల్లబడిపోయిన ఆ నీళ్ళ ముందు కూర్చుని, పొద్దుట ఆ అమ్మాయితో మాట్లాడిన తీరు గుర్తొచ్చి, చేతిలోని లెన్సు పక్కన పెట్టేశాడు. ఆమె అడిగింది తనకోసం కాదు కదా అనిపించింది.

మర్నాడు ఉదయం బకెట్లు నింపే పని అన్నయ్యకి అప్పగించి వీధి చివరికి వెళ్ళాడు. ఆమె నేల మీద ఒక మోకాలు ఆనించి, కడ్డీని రోడ్డు మీది వాల్వు గుంట ఇనప మూత సందులోంచి కిందికి దించి, చెక్క బిళ్ళకి చెవి ఆనించి ఉంది. కళ్ళు మూసుకుంది. నుదుటి మీంచి చెమట కారి రెప్ప మీద ఆగింది. తుడుచుకోలేదు.

అతను ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఒక మనిషి ఇంత ధ్యాసగా వినడం అతను ఎప్పుడూ చూడలేదు. షాపుకొచ్చేవాళ్ళు ఏ అక్షరం కనిపిస్తోందో చెబుతూనే ఫోను చూసుకుంటారు. ఈ అమ్మాయి మాత్రం ఒళ్ళంతా చెవి చేసుకుని కూర్చుంది.

"ఊపిరి తీసుకోండి. పర్వాలేదు" అంది ఆమె, కళ్ళు తెరవకుండానే.

"నేనొచ్చానని ఎలా తెలిసింది?"

"ఎడం చెప్పు కొంచెం ఈడుస్తారు."

అతను తన ఎడం చెప్పు వంక చూసుకున్నాడు. ఇరవై ఏడేళ్ళలో ఆ సంగతి అతనికే తెలియదు.

"నిన్న అలా మాట్లాడినందుకు సారీ అండీ."

"ఏమన్నారు?"

"పాట రాదు అన్నాను."

"అందులో తప్పేముంది, రాదు కదా." ఈసారి ఆమె పెదవి చివర కొంచెం కదిలింది. "వింటారా?"

అతను మోకాళ్ళ మీద కూర్చుని చెక్క బిళ్ళకి చెవి ఆనించాడు. గుయ్యిమని ఒకటే హోరు.

"వినిపిస్తోంది" అన్నాడు సంబరంగా.

"అది మీ నెత్తురు. అది కాదు. దాన్ని పక్కన పెట్టండి."

"నెత్తురుని ఎలా పక్కన పెట్టమంటారండీ?"

"పట్టించుకోకండి. అదే సర్దుకుంటుంది."

అతను కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి హోరు కింద బకెట్ల చప్పుడు, దాని కింద ఎవరిదో మోటారు రొద. అన్నిటికన్నా అడుగున ఒక సన్నటి ఈల. ఆగదు, పెరగదు, తగ్గదు. నేల కింద ఎవరో పళ్ళ సందుల్లోంచి ఊపిరి వదులుతూ ఉన్నారు. అతని వీపు మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. పుట్టి పెరిగిన వీధి. ఇన్నేళ్ళూ దీని మీద నడిచాడు, సైకిలు తొక్కాడు, పోట్లాడాడు. దీనికి లోపల ఒక గొంతు ఉందని తెలియదు.

అతను తలెత్తాడు.

"అవి నీళ్ళేనా?" అన్నాడు గొంతు తగ్గించి.

"పోతున్న నీళ్ళు. మీ వీధికి వదిలేవాటిలో మూడో వంతు ఇళ్ళకి చేరట్లేదు. ఎక్కడికి పోతున్నాయో తేలాలంటే నీళ్ళు వస్తున్న టైములోనే నలభై ఆరు ఇళ్ళలో కుళాయిలు ఒక్కసారి కట్టాలి. ఐదు నిమిషాలు చాలు. అప్పుడు కారేది తప్ప ఇంకేదీ మాట్లాడదు. ఆరు రోజుల్నుంచి అడుగుతున్నాను."

"మీరు అడిగితే ఆఫీసు అడిగినట్టు ఉంటుందండీ. నేను అడుగుతాను. ఈ వీధిలో సగం మంది ముక్కు మీద ఉన్నవి నేను పెట్టినవే."

అన్నంత పనీ చేశాడు. సాయంత్రాలు షాపు మూసి ఇల్లిల్లూ తిరిగాడు. ఎవరైనా గట్టిగా ప్రశ్నలు వేస్తే జవాబు చెప్పడానికి ఆమె పక్కనుండేది. రిటైరైన హెడ్మాస్టారు వేళ్ళు మడిచి లెక్క చూశారు. "ఐదు నిమిషాలంటే రెండు బకెట్లు. రెండు బకెట్లంటే నా స్నానం, మా ఆవిడ స్నానం. ఒకరోజు స్నానం మానితే మేం విడిపోము. సరే." ఇస్త్రీ బాబాయి మాత్రం తల అడ్డంగా ఊపాడు. బట్టల మీద చల్లడానికే నీళ్ళు లేవన్నాడు. మూడోసారి వెళ్ళినప్పుడు అతని కళ్ళజోడు వదులైన మరలు బిగించి ఇస్తే, "ముందే ఇలా వస్తే బావుండేది కదా" అని ఒప్పుకున్నాడు.

"ఏం మరిదీ" అంది వదిన, పాపని భుజాన వేసుకుని. "వీధిలో నలభై ఆరు ఇళ్ళేగా. చెప్పాల్సింది ఒకటే మాట. నాలుగు సాయంత్రాలు పట్టిందా?"

"కొన్ని ఇళ్ళకి రెండుసార్లు వెళ్ళాల్సొచ్చింది వదినా."

"వెళ్ళాల్సొచ్చిందా, వెళ్ళాలనిపించిందా?"

అతను పాపని ముద్దు చేస్తున్నట్టు మొహం తిప్పుకున్నాడు.

ఐదో రోజు ఉదయం ఐదున్నరకి ఆమె చెయ్యి పైకెత్తింది. ఒక్కో ఇంట్లో కుళాయి కట్టిన చప్పుడు వీధి పొడుగునా కదిలి చివరికి చేరింది. తర్వాత ఏమీ లేదు. మోటార్లు లేవు, బకెట్లు లేవు. నలభై ఆరు గుమ్మాల్లో జనం నోళ్ళు మూసుకుని నిలబడ్డారు. ఆమె ఒక్కతే అడుగులో అడుగు వేసుకుంటూ, అక్కడక్కడ వంగి వింటూ వీధి మధ్యలో నడిచింది. అతని ఇంటి ముందుకి వచ్చి ఆగింది. మూడుసార్లు విన్నది. జేబులోంచి సుద్దముక్క తీసి గేటు ముందు రోడ్డు మీద గుండ్రంగా గీత గీసింది.

పది గంటలకి పనివాళ్ళు గునపాలతో వచ్చారు. మధ్యాహ్నానికి నడుం లోతు తవ్వారు. పైపు కనిపించింది. చుట్టూ మన్ను పిండిలా పొడిగా ఉంది. తడి జాడ లేదు. ఎండలో గొడుగులు పట్టుకుని చూస్తున్నవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"మా రెండు బకెట్లు" అన్నారు హెడ్మాస్టారు నెమ్మదిగా.

ఆమె పై అధికారి చెమట తుడుచుకుంటూ, "చెవులతో ఎన్నాళ్ళమ్మా. వేసవి అయ్యాక మెషిన్ తెప్పిస్తున్నారు. అప్పటిదాకా రికార్డు రూములో కూర్చో" అన్నాడు. అరవలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

ఆమె గుంట అంచున నిలబడి పైపు వంకే చూస్తోంది. కళ్ళజోళ్ళ అబ్బాయి దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు. "మీరు కచ్చితంగా ఇక్కడే విన్నారా?"

ఆమె తల తిప్పి చూసింది. "మీరు కూడా అడిగారా" అంది అంతే. కడ్డీ తీసుకుని వెళ్ళిపోయింది.

అతను అన్నం తిన్నాననిపించాడు. లేచి చెయ్యి కడుక్కోబోయి ఆగాడు. వంటింటి మూల ఇత్తడి బిందె నిండుగా ఉంది. అంచు దాకా. అది ఎప్పుడూ ఆఖర్న నింపుతారు. ఇవాళ ఐదు నిమిషాలు తగ్గింది కాబట్టి అది ఖాళీగా ఉండాలి.

"నాయనమ్మా, ఈ బిందె ఎవరు నింపారు?"

నాయనమ్మ పాప బట్టలు మడతపెడుతోంది. మడత పెట్టినదాన్నే విప్పి మళ్ళీ మడత పెట్టింది.

"సన్నగా తిప్పానురా" అంది చివరికి. "చిటికెనవేలంత ధార. చప్పుడు రాకుండా గుడ్డ కూడా వేశాను. పసిపిల్ల ఉన్న ఇల్లు. నీళ్ళొచ్చే వేళ కుళాయి కట్టెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు నాన్నా."

అతనికి కోపం రాలేదు. నాయనమ్మ చేతుల వంక చూశాడు. ఆ చేతులు ఐదు నెలలుగా ఇంట్లో ఒక్కరికీ దాహం కానివ్వలేదు.

సాయంత్రం ఆఫీసుకి వెళ్ళాడు. రికార్డు రూములో పాత మ్యాపుల దొంతరల మధ్య కూర్చుని ఉంది ఆమె. అతన్ని చూసి లేవలేదు.

"మా ఇంట్లో కుళాయి కట్టలేదండీ" అన్నాడు నిలబడే. "నలభై ఐదు ఇళ్ళే కట్టాయి. కట్టనిది మాదే. అందర్నీ బతిమాలింది నేను. మిమ్మల్ని అనుమానించిందీ నేనే. ఏమనాలో తెలీట్లేదు."

ఆమె చేతిలోని మ్యాపు కింద పెట్టింది. "ఏ కుళాయి?"

"వంటింట్లోది. మొదటి అంతస్తు."

"ధార సన్నగా ఉందా? కింద గుడ్డ వేశారా?"

అతను నోరు తెరిచాడు. "గుడ్డ సంగతి మీకెలా..."

"చుక్క పడ్డ చప్పుడు లేదు, జారడం ఒకటే వినిపించింది. నేలలో కారినట్టే ఉంది." ఆమె కళ్ళు మూసుకుంది. పొద్దుట విన్నదాన్ని మళ్ళీ వింటోందని అర్థమై అతను కదలకుండా ఉండిపోయాడు. పన్నెండు గంటల కిందటి చప్పుడుని ఆమె ఎక్కడో పోగొట్టుకోకుండా దాచుకుంది. మడత విప్పినట్టు విప్పి చూసుకుంటోంది.

"దాని కింద ఇంకోటుంది" అంది కళ్ళు తెరిచి. "బొంగురుగా. లోపల ఖాళీ ఉన్నట్టు. మొదటిదాని తాలూకు ప్రతిధ్వని అనుకున్నాను. కాదు. అది వేరే." ఆమె లేచింది. "ఇంకొక్కసారి కట్టిస్తారా?"

"కట్టిస్తాను."

"ఒప్పుకోరు."

"ఒప్పుకోకపోతే మీరు రికార్డు రూములోనే ఉండిపోతారు. అది నాకు ఇష్టం లేదు" అనేసి, ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అన్నట్టు తలుపు వైపు నడిచాడు.

ఈసారి ఇల్లిల్లూ తిరగడం తేలిక కాలేదు. ప్రతి గుమ్మంలోనూ ముందు తప్పు ఒప్పుకోవాలి. "కట్టనిది మా ఇల్లేనండీ" అని నలభై ఐదు సార్లు చెప్పాడు. కొందరు నవ్వారు. ఒకావిడ తలుపు వేసేసింది. ఇస్త్రీ బాబాయి పెట్టె కింద పెట్టి, "నలభై ఐదు ఇళ్ళు దాహంతో కూర్చుంటే మీ ఇంట్లో బిందె నిండిందా?" అన్నాడు. అతను తల వంచుకున్నాడు. అప్పుడు వెనకనుంచి నాయనమ్మ వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగి, వీధి సగం నడిచి వచ్చింది.

"నిండింది బాబూ. నింపింది నేను" అంది. "రేపు కుళాయిలు కట్టేటప్పుడు నేను ఇంట్లో ఉండను. మీ కొట్టు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాను. నా మీద నాకు నమ్మకం లేదు. మీరే కాపలా ఉండండి."

ఇస్త్రీ బాబాయి ఆవిడ వంక చూసి, తన స్టూలు తెచ్చి వేశాడు.

మర్నాడు ఉదయం వీధి మళ్ళీ మూగబోయింది. ఈసారి నిశ్శబ్దం ఇంకా చిక్కగా ఉంది. పావురం ఎగిరితే రెక్కల గాలి వినిపించింది. ఎవరి చంకలోనో పిల్లాడు ఆవలించాడు. ఆమె కడ్డీతో నడుస్తూ వచ్చి, నిన్నటి గుంట దాటి, రోడ్డు దిగి, తిన్నగా అతని షాపు ముందు ఆగింది. షట్టరు వైపు వేలు చూపించింది. అతను షట్టరు ఎత్తాడు. లోపలికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, లెన్సులు అరగదీసే యంత్రం పక్కన నున్నటి పలక మీద కడ్డీ ఆనించి విన్నది. చాలాసేపు విన్నది.

తలెత్తినప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. "ఇక్కడ" అంది.

"మ్యాపులో ఇక్కడ పైపే లేదమ్మా" అన్నాడు, ఈ ఒక్కసారికీ ఒప్పుకుని వెనకాల వచ్చిన అధికారి.

"ఆ సంగతి పైపుకి తెలీదు సార్."

షాపులో ఆ పలకలు వేయించి ఏడాది కాలేదు. అతను ఒక్క మాట అడగలేదు. గాజు బీరువాలు జరిపి, గునపం తెచ్చి, తానే మొదటి దెబ్బ వేశాడు. పలకలు పగిలాయి. కింద సిమెంటు. గంటసేపు కొట్టాక గునపం ఉన్నట్టుండి తేలికైంది. చేతుల్లోంచి జారి కిందికి పోయింది. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత లోపలెక్కడో బుడుంగుమంది.

షాపులో ఉన్నవాళ్ళంతా ఆ కన్నం వైపు వంగారు.

అతను బోర్లా పడుకుని టార్చి వేసి చూశాడు. ఏళ్ళ తరబడి కారిన నీళ్ళు మన్నుని తినేసి, గచ్చు కింద ఒక గది తవ్వుకున్నాయి. మనిషి నిలబడేంత లోతు. అడుగున నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఎంత తేటగా ఉన్నాయంటే, మొదట నీళ్ళున్నాయనే తెలియలేదు. గులకరాళ్ళు, వాటి మీద అతని గునపం, ఒక్కో రాయి నీడ విడివిడిగా కనిపించాయి. నాలుగేళ్ళుగా దీని మీదే స్టూలు వేసుకుని కూర్చుంటున్నాడు, ఐదు నెలలుగా తెల్లటి బురద నీళ్ళు గుడ్డలో వడకట్టుకుంటూ.

మర్నాడు నీళ్ళు వదిలే వేళకి వీధంతా షాపు ముందు వరస కట్టింది. ఒక్కొక్కరే వంగి చూశారు. ఐదుంపావు కావస్తోంది. ముందు పైపు గొంతు సవరించుకుంది. తర్వాత చిట్లిన చోటునుంచి నీళ్ళు విసనకర్రలా విచ్చుకుని టార్చి వెలుగులో తళతళలాడుతూ ఎదురు మట్టిగోడని కొట్టి, జారి, ఎటో పాత కాలువ బొరియలోకి పోయాయి. హెడ్మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. నాయనమ్మని ఇద్దరు పట్టుకుని వంచారు. ఆవిడ చూసి, చూసి, ఆ అమ్మాయి మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఇది నీకు వినిపించిందా తల్లీ? ఇంత మన్ను కిందనుంచి?"

"వినిపించిందండీ."

"మేం దీని మీదే దాహంతో పడుకున్నాం" అంది నాయనమ్మ.

మధ్యాహ్నానికి పాత పైపు మూసేసి కొత్తది కలిపారు. ఆ తర్వాతి రోజు నలభై నిమిషాల్లో ఇరవై ఐదు నిమిషాలకే డ్రమ్ములన్నీ నిండాయి. పై అంతస్తు కుళాయిలో కూడా నిండు ధార పడింది. వదిన పాపని పట్టుకుని కుళాయి కింద దాని చిన్న పాదం పెట్టింది. పాప కళ్ళు పెద్దవి చేసి ఆ ధార వంక చూసింది, ఏడవడం కూడా మర్చిపోయి.

ఆమెని రికార్డు రూములోంచి తీసి ఊరి అవతలి పేటకి పంపారు. అక్కడ ఇంతకన్నా పెద్ద కరువట. వెళ్ళే ముందు షాపుకొచ్చి, "మీ పలకలు పగలగొట్టించాను" అంది.

"పగలడమే మంచిదైంది" అన్నాడు. ఇంకా చాలా చెప్పాలనుకున్నాడు. ఆమె రెండు నిమిషాలు ఆగింది. అతను లెన్సు తుడుస్తూ ఉండిపోయాడు. ఆమె వెళ్ళిపోయింది.

తొమ్మిది రోజులు గడిచాయి.

"మరిదీ" అంది వదిన. "నిన్న హెడ్మాస్టారికి వాళ్ళావిడ అద్దాలు ఇచ్చావటగా. ఆయన మెట్లు దిగలేక అరుగు మీదే కూర్చున్నారట."

"పొరపాటైంది వదినా."

"పొరపాటు కాదురా" అంది నాయనమ్మ లోపలినుంచి. "ఆ పిల్ల చెవులు గొప్పవే. నువ్వు నోరు తెరవకపోతే అవి మాత్రం ఏం చేస్తాయి? ఇవాళ ఆదివారం. వెళ్ళిరా."

ఆఫీసులో చిరునామా కనుక్కుని వెళ్ళాడు. సన్నటి సందు, ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్ళు. ఆమె ఇంటి అరుగు మీద ఒక పెద్దాయన పాత కుళాయి విప్పి వాషరు మారుస్తున్నాడు. ఆమె తండ్రి. ముప్ఫై ఏళ్ళు పైపుల ఫిట్టరు. కూతురికి వినడం నేర్పింది ఆయనే. నాలుగేళ్ళ కిందట ఆయన చెవులే ఆయన్ని వదిలేశాయి.

"నమస్కారమండీ. నేను కళ్ళజోళ్ళ షాపు..."

"ఆఁ?"

"కళ్ళజోళ్ళ షాపండీ."

"కళ్ళు బానే ఉన్నాయి. చెవులే" అన్నాడాయన. "గట్టిగా చెప్పు."

అతను గొంతు పెంచాడు. ఎవరో పక్కింటి కిటికీ తెరిచారు. ఇంకా పెంచాడు. ఎదురింటావిడ బట్టలు ఆరేస్తూ ఆగింది. అసలు మాట ఇలా చెప్పాలని అతను అనుకోలేదు. బస్సులో వస్తూ మెత్తగా, మర్యాదగా రెండు వాక్యాలు తయారుచేసుకున్నాడు. ఇప్పుడు అవి ఎందుకూ పనికిరావు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"మీ అమ్మాయిని పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాను."

సందు మొత్తం వినిపించింది. పెద్దాయనకీ వినిపించింది. వాషరు కింద పెట్టి అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు.

"మీ ఇంటికి నీళ్ళొస్తున్నాయా?"

"మీ అమ్మాయి పుణ్యమా అని వస్తున్నాయండీ."

"అమ్మాయి ఏమంది?"

"ఇంకా అడగలేదండీ."

"మరి నా చెవి దగ్గర ఈ కేకలేంటయ్యా? వెళ్ళి దాన్ని అడుగు. అదిగో."

అతను వెనక్కి తిరిగాడు. సందు మొదట్లో ఆమె రెండు చేతుల్లో రెండు బకెట్లతో నిలబడి ఉంది. ఎప్పట్నుంచి నిలబడిందో తెలియదు. బకెట్లు కింద పెట్టింది. మొహం ఎర్రగా ఉంది. నవ్వు ఆపుకుంటోందో, ఇంకేదైనా ఆపుకుంటోందో అతనికి తెలియలేదు.

"అడగండి" అంది.

అతను నోరు తెరిచాడు. అరిచి అరిచి గొంతు పోయింది. గాలి తప్ప మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. పెదవులు కదిలాయి. కిటికీలోంచి చూస్తున్నవాళ్ళు ముందుకి వంగారు. ఎదురింటావిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. ఎవరికీ ఏమీ అందలేదు.

ఇరవై అడుగుల దూరంలో ఆమె కళ్ళు మూసుకుని విన్నది. తొందరపడలేదు. అతను చెప్పిందంతా, మధ్యలో తడబడి ఆగినవి కూడా, పూర్తిగా విన్నది.

"ఏమంటున్నాడే?" అని అరిచాడు తండ్రి.

ఆమె కళ్ళు తెరిచింది. వీధిలో అందర్నీ మాట్లాడొద్దని బతిమాలే ఆ అమ్మాయి మొదటిసారి గొంతెత్తింది.

"సరేనన్నాను నాన్నా."